ఒంటరిగా ఉండలేని కుక్కలకు శిక్షకురాలిని కావాలంటే

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నా వయసు 37, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. 2021లో ఒక షెల్టర్ నుంచి వీధికుక్క పిల్లను తెచ్చుకున్నాం. పేరు చిట్టి. ఇంటి నుంచి పని చేసినన్నాళ్లూ బాగానే ఉంది. మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టగానే కష్టాలు మొదలయ్యాయి. తలుపు వేసిన నిమిషంలోనే ఏడుపు, నేలంతా చొంగ, తలుపు చెక్క గీరి గీరి ఒకసారి గోళ్ల నుంచి రక్తం కూడా వచ్చింది. అపార్టుమెంట్ అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. విదేశంలో ఉన్న ఒక శిక్షకురాలు వీడియో కాల్‌లో దాదాపు ఏడాది పాటు మాకు దారి చూపించారు. ఇప్పుడు చిట్టి నాలుగు గంటలు హాయిగా పడుకుంటుంది. నాకూ ఇదే పనిలో నిపుణురాలిని కావాలని ఉంది. పశువైద్యం చదవని నేను ఇది చేయవచ్చా? ఏ కోర్సులో చేరాలి? ఉద్యోగం మానేయాలా? “కుక్కకు ఒంటరిగా ఉండటం నేర్పితే డబ్బులు ఎవరిస్తారు?” అంటారు మా వారు. కుక్క కోసం మంచి ఉద్యోగం వదులుకుంటావా అని అమ్మ బాధపడుతోంది. మా పై అంతస్తులో ఒక లాబ్రడార్ ఇలాగే ఏడుస్తోంది, వాళ్లు నన్నే సాయం అడుగుతున్నారు. ఇప్పుడే సాయం చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

చేయవచ్చు. పశువైద్యం చదవకపోయినా ఈ పనికి అడ్డు లేదు. అయితే రెండు మాటలు ముందే చెబుతాను. ఉద్యోగం ఇప్పుడే మానకండి. సెపరేషన్ యాంగ్జైటీ, అంటే ఒంటరిగా వదిలితే కుక్కకు కలిగే తీవ్రమైన భయం, దాని మీద నడిపే కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఆ కోర్సు మీ చదువులో చివరికి రావాలి. దానికి ముందు ఏడాది, ఏడాదిన్నర పాటు మామూలు కుక్కలతో మామూలు పని చేయాలి.

చిట్టితో మీరు గడిపిన ఏడాది విలువను నేను తగ్గించడం లేదు. ఆ బాధను ఇంట్లో అనుభవించినవారికి ఉండే ఓర్పు పుస్తకాలతో రాదు. కానీ ఆ ఏడాదిలో ఏ రోజు ఎన్ని సెకన్లు బయట ఉండాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో నిర్ణయించింది ఆ శిక్షకురాలు. మీరు దాన్ని శ్రద్ధగా పాటించారు. ఇకపై మీరు ఎన్నడూ అడుగుపెట్టని ఇంట్లో, ఎన్నడూ ముట్టుకోని కుక్క విషయంలో ఆ నిర్ణయం మీ నోటి నుంచి రావాలి. చిట్టి ఒక రకంగా భయపడింది. ఇంకో కుక్క అరవదు, గీరదు, మూలన నిలబడి వణుకుతుంది. మరొకటి ఇంట్లో ఎవరో ఒకరుంటే చాలు, కుదురుగా ఉంటుంది. వేరొకటి ఇంటినిండా మనుషులున్నా తనకు కావలసిన ఆ ఒక్క మనిషి బయటికి వెళితే తల్లడిల్లిపోతుంది. వీటన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తారు గానీ ఒకే ప్రణాళిక పనికిరాదు.

ఈ పని ఎంత సూక్ష్మమైనదో చెప్పడానికి ఒక మామూలు సెషన్‌ను దగ్గర నుంచి చూద్దాం. ఫోను తెర మీద హాలు కనిపిస్తోంది. కుక్క సోఫా పక్కన చాప మీద పడుకుంది. గడ్డం నేలకు ఆనించి ఉంది. యజమాని గోడకున్న మేకు నుంచి తాళంచెవులు తీశారు. కుక్క చెవి ఒకటి అటు తిరిగింది, గడ్డం మాత్రం లేవలేదు. ఆమె చెప్పులు వేసుకున్నారు. కుక్క తల ఎత్తి చూసింది. గొళ్లెం మీద చెయ్యి పడింది. అంతవరకూ వదులుగా ఉన్న మూతి బిగుసుకుంది. నాలుక ఒక్క క్షణం ముక్కును తాకి లోపలికి పోయింది. తలుపు తెరిచి బయట అడుగుపెట్టేసరికి కుక్క లేచి నిలబడింది, ముందుకాలు ఒకటి గాలిలోనే ఆగింది. అరుపు లేదు, ఏడుపు లేదు. ఇంట్లోవాళ్లను అడిగితే “బాగానే ఉందండీ, అరవలేదు కదా” అంటారు. శిక్షకురాలు మాత్రం ఆ కాలు లేవకముందే ఆవిడను వెనక్కి పిలిచి ఉండాలి. రేపటి సెషన్‌లో గొళ్లెం దాకా వెళ్లి వెనక్కి రావడమే పని, గడప దాటడం ఉండదు. పాలు పొంగేముందే మంట తగ్గించాలి గానీ, పొంగాక స్టవ్ ఆపితే మిగిలేది గిన్నె కడుక్కోవడమే. ఈ వృత్తిలో నైపుణ్యమంతా ఆ ‘ముందే’ను పట్టుకోవడంలో ఉంది.

దీని వెనకనున్న సూత్రం కుక్కల కోసం పుట్టింది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే పసివాడి మీద చేసిన పనిని ప్రచురించారు. అతనికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును భయం వేయనంత దూరంలో ఉంచి, రోజులు గడిచేకొద్దీ దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ పిల్లవాడు కుందేలును నిమిరాడు. 1958లో జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడు మనుషుల భయాలకు ఇలాంటి చికిత్సను ఒక క్రమబద్ధమైన పద్ధతిగా రాసిపెట్టారు. భయం కలగనంత చిన్న మోతాదులో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవడం దాని సారం. ఒంటరితనానికి భయపడే కుక్కకు ఆ మోతాదును సెకన్లలో కొలుస్తాం. మొదటి వారమంతా మూడు సెకన్ల దగ్గరే ఉండిపోయే కుక్కలున్నాయి. మొదటి అరగంట, ముప్పావుగంట దాకా దారి చాలా నిదానం. అది దాటాక చాలా కుక్కలకు సమయం త్వరగా పెరుగుతుంది. ఇది మీరు చిట్టిలో చూసే ఉంటారు.

ఈ పద్ధతి పనిచేయాలంటే ఒక షరతు ఉంది. శిక్షణ సాగినన్నాళ్లూ కుక్క తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువసేపు దాన్ని ఒంటరిగా వదలకూడదు. పొద్దున ఇరవై నిమిషాలు చక్కగా సాధన చేయించి, ఆ తర్వాత తొమ్మిది గంటలు ఆఫీసుకు వెళ్లిపోతే పొద్దుటి పనంతా నీళ్లపాలవుతుంది. ఈ షరతు వినగానే చాలా ఇళ్లలో వాతావరణం మారిపోతుంది. నెలల తరబడి ఇద్దరూ కలిసి బయటికి వెళ్లకూడదా? పెళ్లికి ఎలా? డాక్టరు దగ్గరికి ఎలా? అత్తగారు ఊరికెళితే ఎవరుంటారు? మీరు కోరుకుంటున్న ఉద్యోగంలో సగం పని ఈ ప్రశ్నల దగ్గరే. పక్కింటి పెద్దాయన, ఇంటి నుంచి పని చేసే మిత్రురాలు, పగటిపూట కుక్కలను చూసుకునే డేకేర్, పనిమనిషి వచ్చి వెళ్లే వేళలు, ఇవన్నీ పెట్టి వారానికో పట్టిక వేయాలి. ఏడు నిమిషాలు నిలిచిన కుక్క మర్నాడు మూడు నిమిషాలకే లేచి తిరగడం మొదలుపెడితే, అవతల ఏడుస్తున్న మనిషికి ధైర్యం చెప్పి, మళ్లీ రెండు నిమిషాల దగ్గర మొదలుపెట్టించాలి. కుక్కలంటే ప్రేమ ఉండి, మనుషులంటే విసుగున్నవారు ఈ పనిలో నిలవలేరు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. కోర్సుకు డబ్బు కట్టేముందు మిమ్మల్ని మీరు ఈ ఒక్క విషయంలో పరీక్షించుకోండి.

ఇక చదువు సంగతి.

ముందు పునాది. కుక్కలు ఎలా నేర్చుకుంటాయి, భయం ఎలా అంటుకుంటుంది, ఏ పని దేనివల్ల బలపడుతుంది, ఒంటి భాష ఎలా చదవాలి, ఇవన్నీ నేర్పే పూర్తిస్థాయి కోర్సు ఒకటి చేయాలి. జీన్ డొనాల్డ్‌సన్ స్థాపించిన అకాడమీ ఫర్ డాగ్ ట్రైనర్స్, కేరెన్ ప్రయర్ అకాడమీ అంతర్జాతీయంగా పేరున్నవి. డొనాల్డ్‌సన్ అకాడమీ చదువు ఆన్‌లైన్‌లోనే సాగుతుంది. కుక్కల ప్రవర్తన శాస్త్రం మీద డిప్లొమా నడిపే సంస్థ బెంగళూరులోనే ఉంది, దాన్నీ విచారించండి. విదేశీ కోర్సుల రుసుములు డాలర్లలో ఉంటాయి, రూపాయల్లోకి మారిస్తే లక్షలు దాటేవి ఉన్నాయి. అందుకే ఉద్యోగం మానవద్దన్నాను. జీతం వస్తుండగా సాయంత్రాలు, శని ఆదివారాలు చదువుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఉదయం 9 గంటల తరగతి అంటే మనకు వేసవిలో రాత్రి 9.30, చలికాలంలో రాత్రి 10.30 అవుతుంది. ఆ వేళకు మెలకువగా, శ్రద్ధగా కూర్చోగలరా అన్నది మీ ఇంటి వీలును బట్టి చూసుకోండి.

కోర్సు వేరు, స్వతంత్ర పరీక్ష వేరు. కోర్సు నేర్పినవారే ఇచ్చే పత్రం ఒక రకం. నేర్పడంతో సంబంధం లేని సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే అర్హత మరో రకం. రెండో రకంలో ఎక్కువగా వినిపించేది, కుక్కల శిక్షకులకు పరీక్షలు పెట్టేందుకు అమెరికాలో 2001లో ఏర్పడిన సీసీపీడీటీ అనే సంస్థ ఇచ్చే సీపీడీటీ-కేఏ అనే అర్హత. దానికి కూర్చోవాలంటే గడిచిన మూడేళ్లలో కనీసం 300 గంటలు శిక్షణ పని చేసి ఉండాలి. అర్హత వచ్చాక కూడా మూడేళ్లకోసారి, చదువు కొనసాగిస్తున్నట్టు చూపించి దాన్ని నిలుపుకోవాలి. మీరు ఆ పరీక్ష రాసినా రాయకపోయినా ఆ 300 గంటల లెక్కను మాత్రం మనసులో పెట్టుకోండి. సెపరేషన్ యాంగ్జైటీ జోలికి వెళ్లేముందు మీ చేతుల మీదుగా అన్ని గంటల పని జరగడం మంచిది. కుక్కపిల్లలకు బహిర్భూమి అలవాటు నేర్పడం, పట్టీ లాగకుండా నడిపించడం, కొత్తవాళ్లను చూసి మొరిగే కుక్కను కుదుటపరచడం, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. బెంగళూరులో 1991 నుంచి పనిచేస్తున్న కూపా లాంటి జంతు సంక్షేమ సంస్థల్లో వారాంతాల్లో స్వచ్ఛంద సేవ చేయండి. అక్కడ ఒక్క మధ్యాహ్నం కూర్చుని చూస్తే మీ ఇంట్లో ఏడాది పొడవునా కనిపించనన్ని రకాల తోకలు, చెవులు, చూపులు కనిపిస్తాయి. చూసినది ఒక పుస్తకంలో రాసుకోండి. ‘భయపడింది’ అని కాకుండా ‘చెవులు వెనక్కి, తోక కిందికి, మూడుసార్లు ఆవులింత’ అని రాయండి. టెస్టింగ్‌లో లోపాన్ని నమోదు చేసేటప్పుడు మీరు ఏం అనుకున్నారో రాయరు, ఏం జరిగిందో రాస్తారు. అదే అలవాటు ఇక్కడ మీకు పెద్ద బలం.

ఆ పునాది పడ్డాక ప్రత్యేక శిక్షణ. ఈ రంగంలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు అమెరికాకు చెందిన మలీనా డీమార్టిని. ఆమె నడిపే కోర్సు పూర్తి చేసినవారు సీఎస్ఏటీ, అంటే సర్టిఫైడ్ సెపరేషన్ యాంగ్జైటీ ట్రైనర్ అనిపించుకుంటారు. జూలీ నైస్మిత్ నడిపే ఎస్ఏ ప్రో మరొకటి. రెండూ ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి, రెండూ శిక్షణ వృత్తిలో ఉన్నవారిని ఉద్దేశించినవి. ఇందాక చెప్పిన పునాది లేకుండా వాటిలో కూర్చుంటే పాఠం అర్థమవుతుంది గానీ చేతికి రాదు. అవి నేర్పేది ప్రధానంగా నాలుగు సంగతులు. మొదటి మాటామంతీలోనే కుక్క చరిత్రను, ఇంటి పరిస్థితిని రాబట్టడం. వీడియో చూసి భయం ఎక్కడ మొదలవుతుందో గుర్తించడం. రోజువారీ ప్రణాళిక రాయడం, అది బెడిసినప్పుడు దిద్దడం. యజమాని చెయ్యి వదలకుండా నెలల తరబడి నడిపించడం. ఈ నాలుగింటిలో మూడోదే కష్టం. మిగతావాటికన్నా దానికే ఎక్కువ రోజులు పడతాయి.

ఏ కోర్సులో చేరినా ముందు కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నేను చేసిన కేసుల వీడియోలను ఎవరైనా చూసి తప్పొప్పులు చెబుతారా, లేక పాఠాలు విని బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులు పెడితే పత్రం వస్తుందా? ఫెయిల్ అయ్యేవారు ఉంటారా? మొత్తం రుసుము ఎంత, ఏటా కట్టాల్సింది ఏమైనా ఉందా? కోర్సు అయ్యాక క్లిష్టమైన కేసు వస్తే అడగడానికి గురువు దొరుకుతారా? చివరి ప్రశ్నకు ‘అవును’ అన్నవారికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఒంటరిగా చేస్తే మనిషి త్వరగా అలిసిపోయే పని ఇది.

మన దేశంలో కుక్కల శిక్షకులకు ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్లి ‘కుక్కల సైకాలజిస్టు’ అని రాసుకున్నవారూ ఉన్నారు. వారం రోజుల్లో నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చేవారి దగ్గర చదవకండి. కుక్క యజమాని మీద పెత్తనం చేయాలని చూస్తోంది, దాన్ని లొంగదీయాలి అని పాఠం చెప్పేవారి దగ్గర అసలే చదవకండి. భయంతో వణుకుతున్న ప్రాణికి షాక్ కాలర్ కట్టడం, గంటల తరబడి ఏడవనిచ్చి ‘అలవాటవుతుంది’ అనడం నాకు కోపం తెప్పించే పనులు. అరుపు ఆగినంత మాత్రాన భయం ఆగినట్టు కాదు. అరిస్తే నొప్పి పుడుతుందని తెలుసుకున్న కుక్క నోరు మూసుకుని లోలోపల వణుకుతూనే ఉంటుంది. అమెరికాలోని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటనలో, ప్రవర్తన సమస్యలతో సహా అన్ని రకాల శిక్షణలోనూ బహుమతి ఆధారిత పద్ధతులే వాడాలని స్పష్టంగా చెప్పింది. మీరు ఎంచుకునే గురువు ఆ మాటకు కట్టుబడినవారై ఉండాలి.

పశువైద్యం చదవనివారు చేయవచ్చా అని అడిగారు కదా, అక్కడ ఒక గీత ఉంది. రోగనిర్ధారణ, మందులు ఆ గీతకు అవతల. మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు నమోదైన పశువైద్యులదే. అయినా మందుల గురించి మీకు బాగా తెలిసి ఉండాలి, ఎందుకంటే మీ క్లయింట్లలో చాలామంది ఆ ప్రశ్న మిమ్మల్నే ముందు అడుగుతారు. కుక్కల్లో ఈ సమస్యకు క్లోమిప్రమిన్ అనే మందును అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 1998లో ఆమోదించింది. ఫ్లూఆక్సెటిన్‌కు 2007లో ఆమోదం వచ్చింది. రెండూ ప్రవర్తన శిక్షణతో పాటు వాడాల్సినవి. మందు పూర్తిగా పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది, ఫ్లూఆక్సెటిన్‌కు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. పది రోజులు చూసి ‘పనిచేయడం లేదు’ అని ఆపేసే ఇళ్లు చాలా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకు రాసిన మాత్రలను లెక్కగట్టి కుక్కకు వేసే ఇళ్లూ ఉంటాయి, అది ప్రాణాంతకం కావచ్చు. ఈ రెండు చోట్లా మీ పని “డాక్టరుగారిని అడగకుండా ఆపకండి, అడగకుండా వేయకండి” అని చెప్పి, మీరు చూసిన వీడియోను, రాసుకున్న వివరాలను ఆ డాక్టరుకు పంపడం. ప్రవర్తన సమస్యలంటే ఆసక్తి ఉన్న ఒకరిద్దరు పశువైద్యులతో ఇప్పటినుంచే పరిచయం పెంచుకోండి. హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడి నుంచి వాకబు మొదలుపెట్టవచ్చు. మందు మొదటి మెట్టా చివరి మెట్టా అన్న చర్చలో నా అభిప్రాయం ఒక్కటే. గోళ్లు ఊడేలా తలుపు గీరే కుక్క విషయంలో పశువైద్యుడి దగ్గరికి వెళ్లడం చివరిదాకా ఆగాల్సిన పని కాదు.

ఇంకో సంగతి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అరిచే ప్రతి కుక్కకూ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. పొద్దున షికారు చాలక, తోచక చెప్పులు కొరికే కుక్క ఉంటుంది. బయట వాచ్‌మన్ గేటు చప్పుడుకు మొరిగేది ఉంటుంది. మూత్రకోశ వ్యాధితో ఇల్లు తడిపేది ఉంటుంది. వయసు మీరి అయోమయంలో ఏడ్చేది ఉంటుంది. దీపావళి నాడు టపాసుల మోత మధ్య ఒంటరిగా ఉండి, ఆ రోజు నుంచి ఇంట్లో ఉండాలంటేనే భయపడేది ఉంటుంది. మనుషులు వెళ్లడంతో ఏ పేచీ లేక, బోనులో పెట్టి తలుపు వేయడమే భరించలేనిది కూడా ఉంటుంది. అలాంటిదాన్ని బోను బయట వదిలితే సమస్య సగం తీరుతుంది. వీటిని వేరు చేసే సాధనం కెమెరా. నిజమైన సెపరేషన్ యాంగ్జైటీలో గొడవ సాధారణంగా మనిషి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే, చాలాసార్లు తొలి అరగంటలోపే మొదలవుతుంది. నష్టం తలుపులు, కిటికీల దగ్గర ఎక్కువగా ఉంటుంది. రెండు గంటలు నిద్రపోయి ఆ తర్వాత దిండు చింపిన కుక్క కథ వేరు. ఈ తేడా పట్టుకోలేని శిక్షకులు ఆ ఇంటి చేత ఆరు నెలలు అక్కరలేని పని చేయిస్తారు. మామూలు కుక్కలతో ముందు పని చేయమన్నది ఇందుకే.

డబ్బు సంగతికి వద్దాం. మీ వారు అడిగింది న్యాయమైన ప్రశ్న. డబ్బు ఇచ్చేవారున్నారు. మీరే ఇచ్చారు కదా. నోటీసు అందుకున్నవారు, ఏడాదిగా సినిమాకు వెళ్లనివారు, ఇల్లు మారాల్సి వస్తుందని భయపడేవారు వెతుక్కుంటూ వస్తారు. కానీ వారు మిమ్మల్ని కనుక్కోవడానికి సమయం పడుతుంది. ఒక్కో కేసు నెలలు నడుస్తుంది కాబట్టి ఒకేసారి ఎక్కువ కేసులు పట్టుకోలేరు. విడివిడి సెషన్ల లెక్కన కాకుండా నెలవారీ రుసుము తీసుకోవడం ఈ పనికి తగిన పద్ధతి. అందులో వారానికి ఒక వీడియో కాల్, మిగతా రోజుల ప్రణాళిక, యజమాని పంపే వీడియోలు చూడటం అన్నీ కలిపి ఉంటాయి. రాబడి మీ జీతంలో సగాన్ని వరుసగా ఆరు నెలలు అందుకున్నాక ఉద్యోగం గురించి మళ్లీ ఆలోచించండి. అంతవరకు ఇది ఉద్యోగంతో పాటు సాగే పని అని మీ వారికి, అమ్మగారికి చెప్పండి. వాళ్ల దిగులు కుక్కల మీద కాదు, మీ ఇంటి ఆదాయం మీద. లెక్క కాగితం మీద పెట్టి చూపిస్తే మీ మాట వింటారు.

మీకున్న ఒక అవకాశాన్ని మీరు ఉత్తరంలో ప్రస్తావించలేదు. ఈ పని ఎక్కువగా వీడియో కాల్‌లోనే జరుగుతుంది. శిక్షకురాలు ఇంట్లో కూర్చుంటే కుక్క ఒంటరిగా ఉన్నట్టే కాదు కాబట్టి అదే సరైన పద్ధతి కూడా. అందుకని మీ క్లయింట్లు మారతహళ్లిలోనే ఉండనక్కరలేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, డాలస్, ఎక్కడైనా ఉండవచ్చు. మన ఇళ్లలో కుక్కతో పగలంతా ఉండేది ఉద్యోగాలకు వెళ్లే దంపతులు కాదు, అత్తగారో మామగారో. నేను చూసిన ఇళ్లలో ప్రణాళిక చెడేది తరచు అక్కడే. “పాపం, ఒక్క నిమిషం పాల ప్యాకెట్‌కు వెళ్లొచ్చాను” అంటారు పెద్దావిడ. ఆ నిమిషం ఎందుకు ముఖ్యమో ఆమెకు ఎవరూ ఆమె భాషలో, ఆమె వయసుకు తగిన మర్యాదతో చెప్పి ఉండరు. “అత్తయ్యగారూ, ఈ వారం బుజ్జిగాడు మీ మీదే ఆధారపడి ఉన్నాడు” అని తెలుగులో చెప్పి, కెమెరాలో వాడి చెవులు చూపించి, ఆమెనే కొలిచే మనిషిగా చేయండి. ఆమె కన్నా శ్రద్ధగా సెకన్లు లెక్కపెట్టేవారు మీకు దొరకరు. బెంగళూరులో కన్నడం కూడా బాగా పలికితే ఇంకా మంచిది. వాచ్‌మన్‌తో, పనిమనిషితో మాట్లాడాల్సింది ఆ భాషలోనే.

అసోసియేషన్ నోటీసు విషయం కూడా తెలుసుకుని ఉండండి. మీ దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఆ కాగితం పట్టుకునే వస్తారు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాస సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవు, మొరగడం కూడా నిషేధానికి కారణం కాదు. అయితే చట్టం పేజీ చూపించి ఇరుగుపొరుగుతో తగవు పెంచుకోమని క్లయింటుకు చెప్పకండి. చంటిపిల్లను నిద్రపుచ్చుకుంటున్న పక్కింటామె బాధ కూడా నిజమే. శిక్షణ మొదలైందని, అందులో భాగంగానే ఇకమీదట కుక్కను ఒంటరిగా వదలడం లేదని ఒక చిన్న ఉత్తరం రాయించండి. వదలకపోతే అరుపు ఆ వారమే తగ్గుతుంది కాబట్టి పొరుగువారు కూడా మెత్తబడతారు.

చివరిగా పై అంతస్తు లాబ్రడార్. సాయం చేయండి, కానీ శిక్షకురాలిగా కాదు, పొరుగింటి మనిషిగా. రుసుము తీసుకోకండి, నయం చేస్తానని మాట ఇవ్వకండి. పాత ఫోను ఒకటి హాల్లో పెట్టించి, వాళ్లు మామూలుగా బయటికి వెళ్లినప్పుడు జరిగేది ఒక్కసారి రికార్డు చేయించండి. కుక్క గాబరా పడుతున్నట్టు ఫోనులో కనిపించగానే వాళ్లు వెనక్కి వచ్చేయాలి, అందుకు లిఫ్టు దాటి పోకుండా మెట్ల దగ్గరే ఉండమనండి. ఆ వీడియోతో పశువైద్యుడి దగ్గరికి పంపండి. ఈలోగా దాన్ని ఒంటరిగా వదలకుండా ఉండేందుకు పట్టిక వేయడంలో సాయం చేయండి, వీలైతే వారంలో ఒకటి రెండు సాయంత్రాలు మీ ఇంట్లో ఉంచుకోండి. చిట్టికి ఆ కుక్కతో పొసగుతుందో లేదో ముందు బయట నడిపించి చూసుకోండి. పొసిగినా సరే, ఇంకో కుక్కను తెచ్చుకుంటే జబ్బు తగ్గుతుందని వాళ్లను అనుకోనివ్వకండి. చాలా కుక్కలకు కావలసింది మనిషి తోడు, ఇంకో కుక్క తోడు ఆ లోటు తీర్చదు. శిక్షణ ప్రణాళిక మాత్రం మీకు నేర్పిన ఆ శిక్షకురాలి దగ్గరో, అర్హత ఉన్న మరొకరి దగ్గరో తీసుకోమనండి. వాళ్లు ఒప్పుకుంటే ఆ కాల్స్‌లో పక్కన కూర్చుని వినడానికి అనుమతి అడగండి. ప్రతి వీడియోనూ ముందు మీరు చూసి, ఎక్కడ ఆపాలో కాగితం మీద రాసుకుని, తర్వాత శిక్షకురాలు ఎక్కడ ఆపారో సరిచూసుకోండి. రెండూ చాలాసార్లు ఒకే సెకనుకు దగ్గరగా వస్తున్నాయని అనిపించిన రోజున నాకు మళ్లీ రాయండి. అప్పుడు ఏ కోర్సులో చేరాలో పేరుతో సహా మాట్లాడుకుందాం.